పిచ్చి ముద్ర ఎవరికి, వాటా ఎవరికి

హామర్ కంపెనీ 1963లో తీసిన 'పారనోయాక్' గంటా ఇరవై నిమిషాల నలుపు తెలుపు సినిమా. డ్రాక్యులాలూ ఫ్రాంకెన్‌స్టైన్‌లూ తీసి పేరు తెచ్చుకున్న ఆ కంపెనీ ఈసారి కోరలూ నెత్తురూ అటకెక్కించి, ఒక పెద్దింటి ఆస్తి గొడవ పట్టుకుంది. దయ్యాల సినిమా అనుకుని చూస్తే సగమే దక్కుతుంది. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, ఎవరు పోతే ఎవరికెంత వస్తుందో వేసుకుంటూ చూడాలి. చెన్నైలో మన తెలుగిళ్ళ పంపకాల కాగితాలు నాలుగైదు తిరగేసినవాళ్ళకు ఆ లెక్క చేతికి అలవాటైనదే. అలా వేసుకుంటూ పోతే, ఈ కథలో పిచ్చి కూడా ఒక దస్తావేజే అని తేలుతుంది. కథ చివరిదాకా చెప్పేస్తున్నాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి.

యాష్‌బీలది సముద్రం ఒడ్డున పెద్ద బంగళా. తల్లిదండ్రులు విమాన ప్రమాదంలో పోయారు. పిల్లలు ముగ్గురు: టోనీ, సైమన్, ఎలీనార్. టోనీ కుర్రతనంలోనే ఒక చీటీ రాసిపెట్టి కొండమీంచి సముద్రంలోకి దూకేశాడని అందరూ నమ్ముతారు. శవం దొరకలేదు. సైమన్ తాగుబోతు. ట్రస్టు సొమ్ము చేతికొచ్చే గడువు కోసం రోజులు లెక్కపెడుతుంటాడు. ఎలీనార్‌కు మతి సరిగా లేదని ఇంట్లో అందరి మాట. ఆమెకు పెట్టిన నర్సు సైమన్ మనిషే. ఇంటి పెత్తనం ఆంట్ హ్యారియట్‌ది. లెక్కలు చూసేది కుటుంబ లాయరు. ఆయన కొడుకు ఆ సొమ్ములో చెయ్యి పెట్టేశాడు.

ఇదంతా చెప్పడానికి సినిమాకు పట్టిన సమయం చాలా తక్కువ. చర్చిలో పోయినవాళ్ళ సంస్మరణ ప్రార్థన జరుగుతుంటుంది. పాదిరీ ప్రసంగంలోనే ఎవరు పోయారో, ఎలా పోయారో, ఎవరు మిగిలారో చెప్పేస్తాడు. అదే సీన్లో ఎలీనార్ గుమ్మం వైపు చూసి, చచ్చిపోయిన అన్న నిలబడి ఉన్నాడంటూ కూలిపోతుంది. ఆ క్షణం నుంచి ఆమె పిచ్చికి ఋజువు అదొక్కటే. కానీ ఆమె చూసింది నిజమే. ఒక మనిషి అక్కడ నిలబడే ఉన్నాడు. పిచ్చిదన్న ముద్ర పడ్డ పిల్ల మాట అక్షరాలా నిజం కావడం, వాటా చేతికందబోతున్నవాడికే అసలు పిచ్చి ఉండటం, ఈ రెండు మేకుల మీదే కథంతా వేలాడుతోంది.

ముందు వాటాల సంగతి. సినిమాలో ఆస్తి ట్రస్టు కింద ఉంది. మనకు లెక్క సులువుగా ఉండాలంటే, ఇదే కుటుంబం టీ నగర్‌లోనో సాలిగ్రామంలోనో ఉందనీ, ఆస్తి తండ్రి స్వార్జితమనీ, వీలునామా లేదనీ అనుకుందాం. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం మొదటి తరగతి వారసులు భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి. భార్యాభర్తలిద్దరూ ఒకే విమానంలో పోతే ఎవరు ముందు పోయారో ఎవరు చెప్పగలరు? సెక్షన్ 21 దానికి ఒక దారి చూపింది. వేరే ఋజువు లేకపోతే, వయసులో చిన్నవారు పెద్దవారి తర్వాత పోయినట్టు అనుకోవాలి. ఇంగ్లండులో 1925 చట్టం కూడా ఇదే మాట అంటుంది.

భార్య చిన్నదనుకోండి. భర్త ఆస్తిలో ఆమెకు ఒక పాలు, ముగ్గురు పిల్లలకు మూడు పాళ్ళు, అంటే తలా 1/4. ఆమె పాలు మళ్ళీ పిల్లలకే వస్తుంది, తలా 1/12. కూడితే 1/3. భార్యే ముందు పోయిందనుకున్నా 1/3 వస్తుంది. అంతేగా, ఇందులో గొడవేముంది అనిపిస్తుంది. ఇంట్లో నాయనమ్మ బతికి ఉంటే గొడవ మొదలవుతుంది. కోడలు తర్వాత పోయిందంటే నాయనమ్మకు 1/5, ముందే పోయిందంటే 1/4. పుట్టినతేదీ పత్రం ఒక్కటి మారితే ముసలావిడకు నూటికి అయిదు రూపాయల తేడా. పంపకాల దావాల్లో వయసు ధృవపత్రం కోసం అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఈ లెక్క చాలు.

ఇప్పుడు టోనీ. అతను పోయాడు, పెళ్ళి కాలేదు, తల్లీ తండ్రీ లేరు. అతని 1/3 రెండో తరగతిలోకి వెళ్తుంది. అక్కడ రెండో అంతస్తులో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ సమానం. సైమన్‌కు 1/6, ఎలీనార్‌కు 1/6. చెరి సగం ఆస్తి అయింది. సైమన్ చూపు ఆ రెండో సగం మీద.

శవం దొరకని మనిషి పోయినట్టు ఎప్పుడవుతుంది? ఏడేళ్ళపాటు, మామూలుగా కబురు తెలియాల్సినవాళ్ళకు కబురు లేకపోతే, బతికే ఉన్నాడని ఋజువు చేసే బరువు ఆ మాట అన్నవాడి మీద పడుతుంది. 1872 సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 108. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ఏడేళ్ళు నిండిన రోజే చనిపోయినట్టు రాసేసుకుంటారు. చట్టం పోయాడని మాత్రమే అనుకోమంది, ఫలానా తేదీన పోయాడని అనలేదు. ఆ తేదీ కావాలంటే విడిగా ఋజువు చేసుకోవాల్సిందేనని ఎల్ఐసీ కేసొకదానిలో సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. పాలసీ మధ్యలో ప్రీమియం కట్టడం ఆపేసి, ఏడేళ్ళ తర్వాత పూర్తి సొమ్ము అడిగేవాళ్ళు పడే గోతి ఇదే.

చచ్చినవాడు తిరిగొస్తే ఏమవుతుంది? ఈ కథ అక్కడినుంచే పుట్టింది. సినిమాకు మూలం 1949లో వచ్చిన ఒక ఇంగ్లీషు నవల. తప్పిపోయిన వారసుడిలా నటించే అపరిచితుడే అందులో కథానాయకుడు. దాని వెనక నిజంగా జరిగిన వ్యాజ్యం ఉంది. 1854లో ఓడ మునిగి గల్లంతైన రోజర్ టిచ్‌బోర్న్‌ను నేనేనంటూ ఆస్ట్రేలియాలో వాగా వాగా ఊరి కసాయి ఒకడు 1866లో ఇంగ్లండుకు వచ్చాడు. కన్నతల్లి అవునంది. అసలు రోజర్ ఫ్రెంచి మాట్లాడుతూ పెరిగినవాడు. వచ్చినవాడికి ఫ్రెంచి రాదు. ఆ తర్వాత నడిచిన క్రిమినల్ విచారణ 188 రోజులు పట్టింది, పద్నాలుగేళ్ళ శిక్ష పడింది. మన దగ్గర భవాల్ సన్యాసి కేసు దీనికి తలకిందులు. 1909లో డార్జిలింగులో చనిపోయాడని దహనం చేశామన్న జమీందారు కుమారుడు, 1921 నాటికి ఒళ్ళంతా బూడిద పూసుకున్న సన్యాసిగా ఢాకాలో తేలాడు. 1930లో దావా వేశాడు. 1936లో కింది కోర్టు, 1940లో హైకోర్టు, 1946లో లండన్ ప్రీవీ కౌన్సిల్, మూడుచోట్లా అతనే గెలిచాడు. ఆఖరి తీర్పు వచ్చిన కొద్ది రోజులకే పోయాడు.

సినిమాలో చర్చి గుమ్మంలో కనబడ్డవాడు టోనీని నేనేనంటూ వచ్చిన దొంగ. ఆ దొంగ టోనీకి పాఠం చెప్పింది లాయరు కొడుకు కీత్. కుటుంబ రహస్యాలన్నీ ఆ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి కదా. ప్రశ్న ఏదైనా జవాబు ముందే తెలుసు. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేడు. ఇవ్వాళ అయితే ఆ ఆట సాగదు. దొంగ టోనీ, సైమన్ ఇద్దరూ మగవాళ్ళు. ఒకే తండ్రి కొడుకులైతే వై క్రోమోజోమ్ గుర్తులు దాదాపు అచ్చుగుద్దినట్టు కలవాలి. కలవలేదంటే అక్కడితో సరి. కానీ కలిసినా పని పూర్తి కాదు. బాబాయి కొడుకు వచ్చి కూర్చున్నా ఆ గుర్తులు కలుస్తాయి. తల్లిదండ్రులు లేనప్పుడు అన్నాచెల్లెళ్ళ పోలిక పరీక్ష అవుననో కాదనో చెప్పదు, ఎంత అవకాశమో చెప్తుంది. పైగా అడిగిన ప్రతివాడికీ కోర్టు డీఎన్ఏ పరీక్షకు ఆదేశం ఇవ్వదు.

ఇక పిచ్చి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఎలాగో, చెన్నైలో కీల్పాక్ అలాగ. 1794లో మొదలైన పిచ్చాసుపత్రి ఉన్న పేటపేరు చెప్తే చాలు, ఇక్కడ తిట్టు పూర్తవుతుంది. కథలో సైమన్ ఎత్తు కూడా అంతకంటే పెద్దదేం కాదు: చెల్లెలికి ముద్ర వేయించి, ఇంట్లోంచి పంపించి, మొత్తం తన చేతిలోకి తెచ్చుకోవడం.

1963 ఇంగ్లండులో అది ఎంతవరకు సాధ్యం? ఒప్పుకోవాలి, మొదటి సగం సాధ్యమే. 1959 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేకుండా పోయింది. దగ్గరి బంధువు దరఖాస్తు, ఇద్దరు డాక్టర్ల సిఫారసు ఉంటే ఆసుపత్రిలో చేర్చొచ్చు. దగ్గరి బంధువు వరస ఇది: భర్త లేదా భార్య, పిల్లలు, తండ్రి, తల్లి, ఆ తర్వాత తోబుట్టువులు. ఎలీనార్‌కు మొదటి నలుగురూ లేరు. మిగిలింది సైమన్. ఆంట్ హ్యారియట్ అతని తర్వాతే వస్తుంది. ఆస్తి మీద కన్నున్నవాడి చేతికే చట్టం కలం ఇచ్చింది.

రెండో సగానికొచ్చేసరికి స్క్రిప్టు నేల విడిచి సాము చేస్తుంది. ఆసుపత్రిలో చేర్చినంత మాత్రాన ఆస్తి చేతులు మారదు. మతి సరిగా లేనివాళ్ళ ఆస్తి సంగతి చూసే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్, దాన్ని నడిపేందుకు ఒక రిసీవరును వేస్తుంది. ఆ రిసీవరు లెక్కలు చూపించాలి. వాటా ఎలీనార్ పేరు మీదే ఉంటుంది. సైమన్‌కు నిజంగా కలిసొచ్చేది ఆమె పిచ్చి కాదు, ఆమె చావు. సినిమా ఈ సంగతి పైకి చెప్పదు గాని ఆ పిల్లను మాటిమాటికీ కొండ అంచుకు మాత్రం నడిపిస్తుంది.

మన పాత ధర్మశాస్త్రంలో అయితే సైమన్ ఎత్తు నేరుగా పారేది. ఉన్మాదికి వాటా లేదన్నది అప్పటి మాట. 1928లో వచ్చిన చట్టం దాన్ని పుట్టుకతో మతి లేనివాళ్ళకు మాత్రమే కుదించింది. 1956 చట్టం సెక్షన్ 28 ఆ తలుపు పూర్తిగా మూసేసింది. ఏ రోగం వల్లా, ఏ లోపం వల్లా వాటా పోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. మానసిక రోగం ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేదని అర్థం కాదు, అది కోర్టు చెప్పాలి. ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే సెక్షన్ 89 ప్రకారం నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి. ఒక సైకియాట్రిస్టు, ఇంకొక డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో, ఇద్దరూ విడివిడిగా, చేర్చే రోజున గాని అంతకు ముందు ఏడు రోజుల్లో గాని పరీక్షించాలి. గడువు 30 రోజులు. చేరింది ఆడమనిషి అయితే 3 రోజుల్లో రివ్యూ బోర్డుకు తెలపాలి. ఆ ప్రతినిధిని ముందుగానే ఎవరికి వారు కాగితం మీద రాసి ఎంచుకోవచ్చు, అన్నయ్యే కావాలని లేదు. సంతకం పెట్టిన తెల్లకాగితం చాలు. ఇంత తేలికైన పనిని కూడా జనం చేయరు.

ఈ చట్టంలో ఒక చిల్లు ఉంది. దీనికి ముందున్న 1987 చట్టంలో ఆస్తి నిర్వహణకు ఆరో అధ్యాయమని ఒకటి ఉండేది. 2017లో అది ఎగిరిపోయింది. కోమాలో ఉన్న మనిషి ఆస్తి అమ్మి ఆసుపత్రి బిల్లు కట్టాలన్నా ఇప్పుడు హైకోర్టుకే పోవాలి. 2024లో మద్రాసు హైకోర్టు అలాంటి ఒక భార్యను సంరక్షకురాలిగా వేసింది, 50 లక్షలు భర్త పేర ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలన్న షరతుతో. సొమ్ము ఎవరిదో, వాడుకునేది ఎవరో వేరు చేసి చూపే గీత అదే. యాష్‌బీల ఇంట్లో ఆ గీత గీసేవాడు లేడు.

ఎలీనార్ చేయగలిగింది ఒకటుంది. వీలునామా రాయడం. పిచ్చి ముద్ర పడ్డా, మతి తేటగా ఉన్న సమయంలో రాస్తే చెల్లుతుందని భారత వారసత్వ చట్టం 1925 సెక్షన్ 59 చెప్తుంది. ఆ కాగితం ఉండుంటే ఆమె చావు వల్ల సైమన్‌కు దమ్మిడీ రాదు. రాసే పద్ధతి కష్టం కాదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు కావాలి. రాసినావిడ సంతకం పెడుతుంటే వాళ్ళు చూడాలి, లేదా అది తన సంతకమని ఆమె నోట వినాలి. తర్వాత ఆమె ఎదుటే తమ సంతకాలు చేయాలి. చెడేది ఎక్కడంటే, తాతగారి స్నేహితులని డెబ్బై దాటిన ఇద్దరిచేత సంతకాలు పెట్టిస్తారు. పదేళ్ళ తర్వాత కోర్టులో కనీసం ఒక సాక్షి నిలబడాలి. అప్పటికి ఇద్దరూ ఉండరు. సాక్షులు రాసేవారికంటే చిన్నవాళ్ళై ఉండాలి, ఆస్తిలో వాళ్ళకేమీ రాకూడదు. మతి గురించి గొడవ వస్తుందనుకుంటే అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్టు తీసుకోవాలి. వారం ముందుది కాదు, వారం తర్వాతది అసలే కాదు.

లాభం పొందేవాడే ముందుండి రాయించిన వీలునామాను కోర్టు అనుమానంతో చూస్తుంది. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు వివరంగా చెప్పిన తీర్పు పాత మైసూరు రాష్ట్రం నుంచి వెళ్ళిన వెంకటాచల అయ్యంగార్ కేసు, 1958 నవంబరులో. చెన్నైలో దశాబ్దాలపాటు హిందువుల వీలునామాకు ప్రొబేటు, అంటే అది సరైనదేనని కోర్టు ముద్ర, తెచ్చుకోక తప్పేది కాదు. బెంగళూరులో ఆ నిర్బంధం అప్పుడూ లేదు. అభ్యంతరం పడిందా, ఓపీగా, అంటే మామూలు పిటిషనుగా వెళ్ళింది వీలునామా దావా అయిన టీఓఎస్‌గా మారుతుంది. హైకోర్టున్న ప్యారిస్ కార్నర్‌లో ఆ మూడక్షరాలు విన్న మనిషి ముఖం చూడాలి.

సరే, సినిమాగా దీని సత్తా ఏమిటి? దర్శకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఛాయాగ్రాహకుడు, ఆ పనికి రెండు ఆస్కార్లు అందుకున్న మనిషి. ఇక్కడ కెమెరా ఆర్థర్ గ్రాంట్‌కు అప్పగించాడు. తెర వెడల్పు 2.35కి 1. ఇంట్లో టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. వాటిని పోగొట్టాలని జూమ్ నొక్కితే పక్కలనుంచి దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. నొక్కొద్దు. సంగీతం ఎలిజబెత్ లట్యెన్స్‌ది. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టిన లట్యెన్స్ కూతురే. చెవికి ఇంపుగా ఉండే సంగీతం కాదు, ఉండకూడదనే చేశారు.

ఆర్గాన్ సీను ఒక్కటి దగ్గరగా చూడండి. రాత్రి. ముందు చప్పుడే వస్తుంది: ఆర్గాన్, దాని మీద ఒక పిల్లవాడి గొంతు. పాడుతున్నది టోనీ గొంతు. లోపల చూస్తే వాయిస్తున్నది సైమన్. పక్కన చర్చి గాయక బాలుడి బట్టల్లో, ముఖానికి ముసుగుతో, చేతిలో ఇనుప కొక్కెంతో ఒక ఆకారం. ఒక్కసారిగా మీదికొస్తుంది. తర్వాత తెలుస్తుంది: పాట గ్రామఫోన్ రికార్డు మీదిది, ముసుగు వెనకున్నది హ్యారియట్. టోనీని చంపింది సైమనే. శవం ఆర్గాన్ వెనక గోడలో ఉంది. చంపినవాడికి ఆ తమ్ముడో అన్నో ఇంకా పాడుతూ ఉండాలి, పాడకపోతే అతను నిలబడలేడు. ఆవిడ రాత్రిళ్ళు ఆ వేషం కట్టి అతన్ని నిలబెడుతోంది. ముసుగు ఇవ్వాళ చూస్తే అట్టముక్కలాగే ఉంది, దానికి భయం వేయదు. ఒక పెద్దావిడ అది కట్టుకుంటోందన్నది తెలిశాకే ఒళ్ళు జలదరిస్తుంది. సైమన్ వేషం వేసిన ఆలివర్ రీడ్ కూడా అరిచినప్పటికంటే వాయిస్తున్నప్పుడే బాగున్నాడు. అరుపులు కొంచెం మితిమీరాయి.

గోడ పగిలాక మన కాగితం మీద లెక్క మారిపోతుంది. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 25: హంతకుడికి చంపబడ్డవాడి ఆస్తి రాదు. సెక్షన్ 27: ఆ హంతకుడు ముందే పోయినట్టు లెక్కకట్టాలి. టోనీ 1/3 మొత్తం ఎలీనార్‌కే. ఆమెకు 2/3, సైమన్‌కు తల్లిదండ్రులనుంచి వచ్చిన 1/3. ఇన్నేళ్ళూ అతను తనదనుకున్న సగంలో మూడో వంతు చెల్లెలి సొమ్ము. చివర్లో మంటల్లో ఆ ఎండిన శవాన్ని కౌగిలించుకుని అతనూ పోతాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఆ 1/3 కూడా ఎలీనార్‌కే. అన్న కాడని తేలిన ఆ అపరిచితుడికి వాటా సున్నా. అతను అన్న కాదు కాబట్టి ఆ పిల్లను పెళ్ళాడటానికి మాత్రం అడ్డు లేదు.

మిగిలింది హ్యారియట్. ఇంగ్లీషువాళ్ళు ఆంట్ అన్న ఒక్క మాటతో సరిపెట్టేశారు. మనకలా కుదరదు. మేనత్త అయితే రెండో తరగతిలో ఏడో అంతస్తు, పిన్నో పెద్దమ్మో అయితే తొమ్మిదో అంతస్తు. పిల్లలు ముగ్గురూ పోతే తప్ప ఆవిడ దాకా ఏదీ రాదు. ఆ ముసుగు కట్టుకున్నన్ని రాత్రుల్లో ఒక్కసారి కూడా ఆవిడ ఆ లెక్క వేసినట్టు కనబడదు.